తెలిసిన పొగ

ఆవిడను పాఠశాలలో అందరూ టంకం మేడమ్ అనేవారు. ఎదురుగా అనరు, వెనకే. ఆవిడకు ఆ సంగతి తెలుసు, తెలిసీ ఊరుకునేది. లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. నగల తయారీ నేర్పే ఆ పాఠశాలలో బొమ్మ గీయడం నేర్పేవాళ్ళున్నారు, రాళ్ళు పొదగడం నేర్పేవాళ్ళున్నారు. రెండు బంగారు ముక్కల్ని మంటతో కలిపి, కలిపిన చోటు కంటికి ఆనకుండా చేయడం మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ఆవిడే నేర్పుతోంది. మొదటి రోజు క్లాసులో ఒక ఉంగరం, ఒక భూతద్దం బల్ల మీద పెట్టి, "అతుకు ఎక్కడుందో చూపించినవాళ్ళకి ఈ ఉంగరం ఇచ్చేస్తా" అనేది. ఇన్నేళ్ళలో అది ఎవరి వేలికీ ఎక్కలేదు.

ఆ ఏడు పాఠశాలలో కొత్త కోర్సు పెట్టారు. దాని పేరు 'బాధ్యతగా నగ చేయడం'. బంగారం ఏ గనిలోంచి వచ్చింది, రాయిని తవ్విందెవరు, చేసేవాడి ఊపిరితిత్తులు ఏమవుతున్నాయి, కడిగి పారబోసిన ఆసిడ్ ఏ కాలవలో కలుస్తోంది, ఇవీ పాఠాలు. కొనేవాళ్ళు ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. దాంతో అమ్మేవాళ్ళకు జవాబులు కావలసి వచ్చాయి, ఆ జవాబులు వల్లించే పిల్లలు కావలసి వచ్చారు. ప్రిన్సిపాల్ కోర్సును టంకం మేడమ్‌కి అప్పజెప్పాడు. పాఠ్యపుస్తకం కూడా ఆవిడే రాయాలన్నాడు.

"మొదటి క్లాసుకి మన పాత విద్యార్థి ఎవరైనా వచ్చి నాలుగు మాటలు చెబితే బాగుంటుంది మేడమ్. మీ చేతి కింద తయారైనవాళ్ళలో మేలైనవాళ్ళు."

"వెంట్రుకని పిలుద్దాం" అంది ఆవిడ, ఆలోచించకుండానే.

"వెంట్రుకా? నా నెత్తి మీదే కరువుగా ఉంది, ఎక్కడ దొరికింది మీకు?" అని ఆయన బట్టతల తడుముకున్నాడు.

ఆ పేరు ఆవిడ పెట్టిందే. పదకొండేళ్ళ క్రితం చేరిన పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. చేరిన మూడో నెలలోనే ఆ పిల్ల వేసిన అతుకు మీద మేడమ్ భూతద్దం పెట్టి వెతికి వెతికి, చివరికి "వెంట్రుక దూరే సందు కూడా వదల్లేదు కదే!" అంది. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది. రెండేళ్ళ చదువయ్యాక ఇంట్లోనే బల్ల వేసుకుని పెద్ద దుకాణాలకు గొలుసులు చేసి ఇస్తోందని విన్నారు. కొన్నాళ్ళు ఫోన్లు చేసేది. తర్వాత పనిలో పడి మానేసింది. మేడమ్ కూడా ఎందుకు మానేశావని అడగలేదు.

ఫోన్లో చెబితే సరిపోయే మాటే. అయినా స్వయంగా పిలవాలనిపించి ఒక ఆదివారం ఉదయం ఆవిడ బయల్దేరింది.

ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. వెంట్రుక వీధి గుమ్మం దాకా దిగి వచ్చి నిలబడింది. 

"ఎందుకే దిగావు? నేనే ఎక్కి వచ్చేదాన్ని కదా."

"మీరు వస్తుంటే నేను పైన కూర్చుంటానా మేడమ్!"

మేడమ్‌కి యాభై ఎనిమిదేళ్ళు. వెంట్రుకకు ముప్పై. మొదటి మలుపు దగ్గర వెంట్రుక ఆగింది. రెండో మలుపు దగ్గర గోడ పట్టుకుంది. "మీరు నడుస్తూ ఉండండి మేడమ్, వెనకే వస్తున్నా" అంది. మేడమ్ పైకి చేరి గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. అడుగుల చప్పుడు కంటే ముందు ఊపిరి చప్పుడు వినిపించింది.

ఒకటే పెద్ద గది, దానికి తెర కట్టి వంట వైపు వేరు చేశారు. ఒక మూల వాళ్ళమ్మ కుట్టుమిషను, పక్కన అంచులు కుట్టాల్సిన బట్టల గుట్ట. కిటికీ కింద వెంట్రుక పనిబల్ల. కూర్చునే చోట లోపలికి వంపు తిప్పిన అంచు, రాలిన బంగారు రజను పడడానికి కింద వేలాడే తోలు, ఆకురాళ్ళు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా, మూతపెట్టిన వెలిగారం గిన్నె. పాఠశాలలో మేడమ్ తన బల్ల ఎలా సర్దుకుంటుందో అచ్చం అలాగే. కిటికీ మూసి ఉంది.

"కాస్త గాలి రానివ్వచ్చు కదే."

"గాలొస్తే మంట ఊగుతుందని మీరే కదా మేడమ్ చెప్పారు!"

వెంట్రుక సగం అయిన గొలుసు తెచ్చి చేతిలో పెట్టింది. మేడమ్ భూతద్దం తీసింది. నూట యాభై లంకెల్లో ఒక్కదాని అతుకు కూడా దొరకలేదు. ఆ క్షణంలో ఆవిడకు నిజంగా సంతోషం వేసింది. తర్వాత చాలాసార్లు ఆ సంతోషం గుర్తొచ్చి ఆవిడ తనను తాను తిట్టుకుంది.

"ఏదో మాడుతోందే" అంది మేడమ్ తలెత్తి.

వెంట్రుక పరుగెత్తింది. పాలు పొంగి, ఇంకి, అడుగంటి, గిన్నె నల్లగా మారేదాకా వచ్చాయి. గదంతా కమురు వాసన. గిన్నెలో నీళ్ళు పోసి, చేతులు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చింది. "నాకు వాసన తెలీదు మేడమ్. మూడేళ్ళయింది. అమ్మ ఉంటే అరుస్తుంది, లేకపోతే ఇంతే. ఓ రకంగా మంచిదే, పక్కవాళ్ళ మురుగ్గొట్టం పగిలి ఊరంతా ముక్కు మూసుకుంటే నేనొక్కదాన్నే హాయిగా తిరిగా."

నవ్వినప్పుడు పళ్ళ మొదట్లో, చిగుళ్ళకు ఆనుకుని, పసుపుపచ్చ గీత కనిపించింది. గీత గీసినట్టు అన్ని పళ్ళకూ.

మేడమ్ భూతద్దం పక్కన పెట్టింది. "టంకం పొడి ఏది వాడుతున్నావు?"

వెంట్రుక సొరుగు లాగి చిన్న సీసా తీసింది. "అదే కొట్టు, అదే పొడి మేడమ్. కొట్టువాడు ఏదో కొత్తది అంటగట్టబోయాడు. మా మేడమ్ ఏది వాడమంటే అదే అన్నాను. ఇప్పుడు ఎవరికీ ఇవ్వట్లేదట, నాకు మాత్రం లోపల్నుంచి తెచ్చిస్తాడు."

ఆ పొడిలో కాడ్మియం అనే లోహం ఉంది. కేడీఎం అని జనం నోట్లో నలిగిన పేరు దానిదే. అది కలిస్తే టంకం నీళ్ళలా పారుతుంది, బంగారం నాణ్యత తగ్గదు, అతుకు దొరకదు. పారేటప్పుడు సన్నటి పొగ లేస్తుంది. పీల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో అది గూడు కట్టుకుని కూర్చుంటుంది. పొమ్మన్నా పోదు. వాసన తెలియకపోవడం, పళ్ళ మీద పసుపు గీత దాని గుర్తులే. 

మేడమ్ తాను పిలవడానికి వచ్చానన్న మాటే మర్చిపోయింది. సీసా తన సంచిలో వేసుకుని, "రేపు నీతో ఆసుపత్రికి వస్తాను. అప్పటిదాకా మంట ముట్టించకు" అని లేచింది.

"శనివారానికి గొలుసు ఇవ్వాలి మేడమ్!"

"ఇవ్వకు."

ఆవిడ అలా మాట్లాడడం వెంట్రుక ఎప్పుడూ వినలేదు.

మేడమ్ పెళ్ళి చేసుకోలేదు. అక్కతో ఉంటుంది. అక్క ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. బావగారు పోయాక చెల్లెలి ఇంటికి వచ్చేసింది. అక్కకు మాటలకు తొడుగు వేయడం రాదు. ఆ సాయంత్రం మేడమ్ చెప్పిందంతా విని, గోళ్ళు కత్తిరించుకోవడం ఆపి, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"మెట్లెక్కలేదు, వాసన పోయింది, పళ్ళ మీద గీత. ఏమై ఉంటుందని నన్నడుగుతున్నావా? నీ మొహం చూస్తే నీకే తెలిసినట్టుంది."

"అనుమానం."

"అనుమానమా? ఎప్పటినుంచి?"

మేడమ్ నీళ్ళు నమిలింది. అక్క వదల్లేదు. చివరికి చెప్పక తప్పలేదు.

పదకొండేళ్ళ కిందట, వెంట్రుక చేరడానికి కొద్ది నెలల ముందు, కొట్టునుంచి వచ్చిన పెట్టెలో, పొడి సీసాల మధ్య మడిచిన కాగితం ఉంది. పైన పుర్రె బొమ్మ. సామాను గదిలో నిలబడే మొత్తం చదివింది. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, ఎముకలు, అన్నీ అందులో ఉన్నాయి. కాగితం ప్రిన్సిపాల్‌కి చూపించింది. పొగ లాగే ఫ్యాన్లు వచ్చే ఏడు పెట్టిద్దామని, అప్పటిదాకా కిటికీలు తెరుచుకోమని ఆయన అన్నాడు. ఆవిడ అక్కడితో ఆగింది. కాడ్మియం లేని పొడి అప్పటికే బజారులో ఉంది. తెచ్చి వాడి చూసింది. అది పారేది కాదు, పలుకులు పలుకులుగా నిలిచిపోయేది. దానితో చేతిని మళ్ళీ మొదటినుంచి దిద్దుకోవాలి. నలభై ఏడేళ్ళ వయసులో, పిల్లల ముందు, తప్పులు చేస్తూ. పైగా పాఠశాలల మధ్య జరిగే పోటీలో ఐదేళ్ళుగా అతుకులో మొదటి బహుమతి ఆవిడ పిల్లలదే. ఆవిడ కాగితాన్ని మళ్ళీ మడిచి సొరుగు అడుగున పెట్టింది. రెండేళ్ళ పాటు పాతదే వాడించింది. క్లాసులో ఎవరైనా దగ్గితే, "పొగకి భయపడేవాళ్ళు పూలమాలలు కట్టుకోవాలమ్మా, నగలెందుకు?" అనేది. పిల్లలు నవ్వేవాళ్ళు. వెంట్రుక చదివింది సరిగ్గా ఆ రెండేళ్ళే.

ఆ తర్వాత ఫ్యాన్లు వచ్చాయి, కొత్త పొడి వచ్చింది. కొత్త పిల్లలకు కొత్తది నేర్పింది. పాతవాళ్ళకు ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఎందుకు మానేశారని అడుగుతారు. ఆ తర్వాత ఎప్పుడు తెలిసిందని అడుగుతారు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారు" అంది అక్క. "కాలింది నీ చేతులు కాదు కాబట్టి నువ్వు ఆకులు కూడా వెతకలేదు."



తెలిసిన డాక్టరు దగ్గరికి వెంట్రుకను అక్కే తీసుకెళ్ళింది. పరీక్షలు, ఎక్స్‌రేలు, గొట్టంలోకి ఊదించడాలు. పది రోజుల తర్వాత ఫలితాలు వచ్చాయి. ఊపిరితిత్తులు సగానికి పైగా పాడయ్యాయి, మూత్రపిండాలు ఒంట్లో ఉండాల్సినదాన్ని బయటికి వదిలేస్తున్నాయి, ఎముకలు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. లోపల చేరినదాన్ని బయటికి తీసే మందు లేదని, ఇకముందు చేరకుండా చూసుకోవడమే దారి అని డాక్టరు చెప్పాడు. మంట ముందు కూర్చోవద్దన్నాడు.

వెంట్రుక ఒక్క ప్రశ్న అడిగింది. "ఎన్నాళ్ళు కూర్చోకూడదండి?"

డాక్టరు అక్క వైపు చూశాడు. "ఇంక కూర్చోకూడదమ్మా."

వసారాలో గోడవారన ఇనుప కుర్చీలు. వెంట్రుక కాగితాల్ని అంచులు కలిసేలా మడుస్తోంది. వాళ్ళమ్మ మందులు తేవడానికి వెళ్ళింది. అక్క డాక్టరుతో ఇంకా లోపలే ఉంది. మేడమ్ ఇక ఆపుకోలేకపోయింది.

"నాకు తెలుసే."

"ఏంటి మేడమ్?"

"ఆ పొగ సంగతి. మీరు చేరకముందే తెలుసు. తెలిసే మీచేత వాడించాను. తర్వాత బడిలో మానేశాం. నీకు చెప్పలేదు."

వెంట్రుక మడుస్తున్న కాగితాన్ని మళ్ళీ విప్పింది, మళ్ళీ మడిచింది. "మీకు సరిగ్గా తెలిసుండదులెండి. ఎక్కడో ఒక ముక్క చదివుంటారు."

"మొత్తం చదివాను."

"మీరు లేకపోతే నేనెక్కడుండేదాన్ని మేడమ్? అలా అనకండి. అమ్మ దగ్గర అసలు అనకండి."

వాళ్ళమ్మ మందుల పొట్లంతో వెనకే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆవిడ గొంతు పెంచలేదు.

"నేను మిషను తొక్కి ఫీజు కట్టానమ్మా. దేనికి కట్టానో ఇవాళ తెలిసింది." పొట్లం కూతురి ఒళ్ళో పెట్టింది. "దగ్గొస్తుంటే కిటికీ తెరవవే అనేదాన్ని. మంట ఊగుతుంది, మేడమ్ ఒప్పుకోరు అనేది. ఇక్కడ మీ మేడమ్ ఎక్కడుందే అంటే, ఉన్నట్టే అమ్మా అనేది. దేవుడి మాటన్నా దాటేదేమో గాని మీ మాట దాటలేదు నా కూతురు."

మేడమ్ లేచి నిలబడింది.

"కూర్చో" అంది ఆ తల్లి, మీరు అన్న మాట అక్కడితో వదిలేసి. "నువ్వు నిలబడితే నాకేమొస్తుంది?"

ఆ వారమే మేడమ్ ఆ రెండేళ్ళలో చదివినవాళ్ళ పేర్లు పాత రిజిస్టర్లోంచి తీసింది. నలభై ఒక్క మంది. ఒక్కొక్కరికీ చేత్తో ఉత్తరం రాసింది. ఆ పొడి మానేయమని, పరీక్షలు చేయించుకోమని, తనకు అప్పుడే తెలుసని. నాలుగు ఉత్తరాలు చిరునామా దొరక్క తిరిగి వచ్చాయి. మిగిలినవాటిలో చాలావాటికి జవాబు రాలేదు. ఇప్పుడు పన్నెండు మంది పనివాళ్ళతో వర్క్‌షాపు నడుపుతున్న ఒకడు ఫోన్ చేశాడు. చదివే రోజుల్లో అతన్ని అందరూ బుల్లెట్ అనేవాళ్ళు, అంత గబగబా మాట్లాడేవాడు.

"మేడమ్, మీ ఉత్తరం చింపేశాను. ఏమనుకోకండి. మా వాళ్ళకి కనపడితే రేపు పనిలోకి రారు."

"రాకపోవడమే మంచిది. ఆ పొడి మార్చు. ఫ్యాను పెట్టించు."

"కొత్త పొడితో అతుకు కనిపిస్తుంది మేడమ్, దుకాణం వాడు వెనక్కి కొడతాడు. పొగకి భయపడేవాళ్ళు పూలమాలలు కట్టుకోవాలని మీరే కదా అన్నారు. నేను మా వాళ్ళకి రోజూ అదే చెబుతాను, మీ పేరు చెప్పి మరీ. అందరూ నవ్వుతారు."

అతను నిజంగా నవ్వాడు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. పాత మేడమ్‌తో మాట్లాడుతున్న సంబరం ఉంది. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి రెండు కోరికలు అడిగింది. ఆ నలభై ఒక్క మందికీ పాఠశాల పిలిచి పరీక్షలు చేయించాలి. కొత్త పుస్తకం మొదటి అధ్యాయంలో ఇక్కడ జరిగింది జరిగినట్టు రాయాలి. ఆ కాగితం అప్పట్లో ఆయనకూ చూపించిన సంగతి ఆవిడ గుర్తు చేయలేదు. ఆయనకు అది గుర్తున్నట్టు మొహమే చెప్పింది.

"మీరు బాధలో ఉన్నారు మేడమ్. బాధలో రాసింది పుస్తకం అవ్వదు. పిలిచి పరీక్షలంటే, మనం తప్పు ఒప్పుకున్నట్టే కదా?"

"చేశాం కాబట్టి ఒప్పుకోవాలి."

"చేశాం అనకండి." ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఆ అమ్మాయికి మాత్రం ఏదైనా చేద్దాం. ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది చెప్పండి? ప్రతి నెలా క్లాసుకి రమ్మందాం. తనకేమైందో పిల్లలకి తన నోటితో చెబుతుంది. జీతం ఇద్దాం. ఇంట్లో పని పోయింది కదా పాపం."

పైన పటారం, లోన లొటారం అని ఆవిడకు నోటిదాకా వచ్చింది. కానీ వెంట్రుక ఇంట్లో ఆ తల్లి రోజుకు పదహారు గంటలు మిషను తొక్కుతోంది. ఆవిడ తలూపింది.

వెంట్రుక వెంటనే ఒప్పుకుంది. సంబరపడింది కూడా. "బడికి మళ్ళీ వస్తున్నాను మేడమ్, అదీ టీచరుగా!" అంది ఫోన్లో. క్లాసు ముందురోజు తానే మేడమ్ ఇంటికి వచ్చింది. కింది అంతస్తే కాబట్టి మెట్లు లేవు. అక్క ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ అంది.

"రేపు మీరు ఆ మాట చెప్పకండి మేడమ్."

"ఏ మాట?"

"మీకు తెలుసన్న మాట. ఉత్తరాల్లో రాశారట, విన్నాను. సరే, రాశారు. క్లాసులో వద్దు."

"పిల్లలకి అబద్ధం చెప్పనా?"

వెంట్రుక మొహంలో మేడమ్ మొదటిసారి కోపం చూసింది. "నిజం చెప్పేస్తే మీ బరువు దిగిపోతుంది. దిగిన బరువు ఎక్కడికి పోతుంది మేడమ్? నా నెత్తికే కదా. జబ్బుందంటే ఉంది, దానితో బతుకుతాను. తెలిసి తెలిసి మోసం చేశారు, పిచ్చిదానిలా పదకొండేళ్ళు వాళ్ళనే తలుచుకుంది అని పదిమందీ నన్ను చూస్తుంటే బతకమంటారా? నాకంటూ ఉన్నది ఆ చదువొక్కటే. దాన్నైనా ఉంచండి."

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి వింటోంది.

"సరే" అంది మేడమ్. "చెప్పను."

"ఒట్టా?"

"ఒట్టు."

మర్నాడు క్లాసులో ముప్పై మంది పిల్లలు. తలల పైన ఫ్యాన్లు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ప్రిన్సిపాల్ రెండు నిమిషాలు మాట్లాడి వెళ్ళిపోయాడు. వెంట్రుక ఇస్త్రీ చీర కట్టుకుని, బల్ల పక్కన కుర్చీలో కూర్చుని చెప్పింది. బాగా చెప్పింది. తనకు వాసన పోయిన సంగతి చెప్పి నవ్వించింది. ఎక్స్‌రే పైకెత్తి పట్టుకుని, "ఇదిగో, ఇక్కడ నల్లగా ఉన్నదంతా నేను చేసిన గొలుసులే" అంది. పిల్లలు నవ్వాలో వద్దో తెలియక ఊరుకున్నారు. ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగినప్పుడల్లా క్లాసంతా ఆ చప్పుడే వింది.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అప్పుడు ఇది ప్రమాదమని ఎవరికీ తెలీదా అండి?"

"ఎవరికీ తెలీదమ్మా" అంది వెంట్రుక. "తెలిస్తే మా మేడమ్ వాడనిచ్చేవారా? అందుకని ఇందులో ఎవరి తప్పూ లేదు."

ముప్పై కలాలు ఒక్కసారిగా కాగితాల మీద కదిలాయి. ఎవరికీ తెలియదు. ఎవరి తప్పూ లేదు. గోడవారన నిలబడ్డ మేడమ్‌కి ఆ గీకుడు చప్పుడు వినిపించింది. ఈ ముప్పై మందీ రేపు బల్లలు వేసుకుంటారు, పనివాళ్ళను పెట్టుకుంటారు. వాళ్ళ పెట్టెల్లోనూ ఎప్పుడో ఒక మడిచిన కాగితం వస్తుంది.

"నాకు తెలుసు" అంది ఆవిడ.

కలాలు ఆగాయి.

"రాసుకోండి. నాకు తెలుసు. కాగితం వచ్చింది, చదివాను, దాచాను. పోటీలో ఓడిపోతామని, నా చేతికి ఉన్న పేరు పోతుందని దాచాను. ఎవరికీ తెలియదన్నది కొట్టేయండి."

వెంట్రుక ఆవిడ వైపు చూడలేదు. ఎక్స్‌రేని కవరులో పెట్టింది. అది సరిగ్గా దూరలేదు, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టింది. సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది. మేడమ్ వెనకే వెళ్ళింది. మెట్ల మలుపులో వెంట్రుక కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. మేడమ్ నాలుగు మెట్లు పైన ఆగింది. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలని ఉంది. 

"రాకండి" అంది వెంట్రుక, తల తిప్పకుండా. ఊపిరి కూడగట్టుకుని, మళ్ళీ దిగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. ప్రిన్సిపాల్ కోర్సును రాళ్ళు పొదిగే మాస్టారికి ఇచ్చి, మేడమ్‌ని సామాను గది లెక్కలు చూసుకోమన్నాడు. పుస్తకం అచ్చయింది. ఈ పొగ ప్రమాదకరమని గతంలో ఎవరికీ తెలియదన్న వాక్యం అందులో ఉంది. రాసినవాళ్ళుగా ఆవిడ పేరే ఉంది. పాతవాళ్ళలో ఆరుగురు పరీక్షలు చేయించుకున్నారని, ఇద్దరికి జబ్బు బయటపడిందని తెలిసింది. వాళ్ళు ఉత్తరం చూసి వెళ్ళినవాళ్ళు. క్లాసులో చెప్పిన నిజం వల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో ఆవిడ ఎంత ఆలోచించినా తేలలేదు. వెంట్రుకను మళ్ళీ క్లాసుకు పిలవలేదు.

నెల తిరక్కముందే ఆ తల్లి పాఠశాల గేటు దగ్గర కాపు కాసి మేడమ్‌ని పట్టుకుంది.

"నిజం చెప్పావట."

మేడమ్ తలదించుకుంది.

"చెప్పాల్సినప్పుడు నోరు పెగల్లేదు. చెప్పొద్దని నా కూతురు కాళ్ళావేళ్ళా పడితే పెగిలింది. ఇంటికొచ్చి మూడు రోజులు గోడకేసి పడుకుంది. ఆ కాస్త జీతమూ పోయింది. బల్ల అమ్మేయమంది, అమ్మేశాను." ఆవిడ చీర చెంగు సర్దుకుంది. "నీ మీద పడి ఏడవడానికి రాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మీ అక్కని పంపు. నాకు ఆ డాక్టరు మాటలు అర్థం కావు. నువ్వు మాత్రం రావద్దంది."

అప్పటినుంచి నెలకోసారి అక్క వెళ్ళి వెంట్రుకను ఆసుపత్రికి తీసుకెళ్తోంది. ఆ రోజు మేడమ్ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటుంది. మొన్న కూడా అంతే. మధ్యాహ్నం దాటాక అక్క వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూలబడింది.

"ఎలా ఉంది?" అంది మేడమ్.

"చెప్పొద్దంది."

"మందులు మార్చారా?"

"అదీ చెప్పొద్దంది."

"నా గురించి ఏమైనా అడిగిందా?"

అక్క కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు.

"లేదే" అంది. "అన్నం పెట్టు. పొద్దుట్నుంచి ఏం తినలేదు."